చేతిగొర్రె కేసులో సుంకులమ్మ వాంగ్మూలం

దుమ్ముకారు, నాలుగో రోజు

పెట్టే, వింటున్నావా. ఎర్ర దీపం వెలిగితే విన్నట్టని జవాను చెప్పి పోయాడు. వెలిగింది. సరే.

నా పేరు సుంకులమ్మ. డెబ్బై నాలుగేండ్లు. పన్నెండో మేడ కింద, దుమ్ము తలుపు పక్కన ఉంటాను. చదువు రాదు. మా వాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్ళు. బయట గడ్డి ఉన్నప్పుడు మా నాయనకు నాలుగు వందల గొర్రెలు. గడ్డి పోయింది, గొర్రెలు పోయాయి, మేం మేడల కిందికి వచ్చి పడ్డాం.

ముందే ఒక మాట. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మా పక్కింటి నరసక్క తన కేసులో "వాడి నోట్లో మన్ను పడ" అంటే, నీలాంటి పెట్టె ఒకటి "ప్రతివాది వైఖరి పట్ల అసంతృప్తి" అని రాసిందంట. అట్లాంటి పనులు నా దగ్గర చెయ్యొద్దు.

నా మీద పెట్టిన నేరం పేరు మమకారపు చోరీ. పేరు పెట్టినవాళ్ళకు దండం. ముప్పై ఆరో అంతస్తులో ధృతి అనే అమ్మాయి ఒంటరిగా ఉంటుంది. ఆమె ఇంట్లో ఒక చేతిగొర్రె ఉంది. దాన్ని గుజ్జి అంటాం. ఆ గుజ్జి తనను కొనుక్కున్న ధృతిని వదిలేసి, పని చేయడానికి పోయిన నన్ను తల్లి అనుకుంటోందని కేసు. పంచాయితీ ఔనంటే దాని తలలో ఇన్నాళ్ళు చేరిందంతా తుడిచేస్తారు. బతికే ఉంటుంది, కానీ ఏదీ గుర్తుండదు. మళ్ళీ మొదటి రోజు అంగట్లో కళ్ళు తెరిచినట్టు తెరుస్తుంది.

నాకు ఏ శిక్షయినా వెయ్యండి. దాన్ని తుడవొద్దు. నా అర్జీ ఇంతే. విచారణ పద్నాలుగో రోజున. అంతవరకు రోజూ వచ్చి చెప్పుకోవచ్చన్నారు కాబట్టి వస్తాను.

దుమ్ముకారు, ఐదో రోజు

ఆ అమ్మాయి గుజ్జిని ఎట్లా కొనిందో చెప్తాను. దీంట్లో నా తప్పు కూడా ఉంది, దాచను.

ఇరవయ్యో అంతస్తులో సులువు అని జీవాలమ్మే అంగడి ఉంది. నేను అక్కడ చేతిపని మనిషిని. నమూనా జీవాలను లేపడం, అటూ ఇటూ తిప్పడం, పెంట తీయడం నా పని. అంగడి చూసుకునేది ఫణీంద్ర. మనిషి చెడ్డవాడు కాడు, కానీ నోరు తెరిస్తే అంగడే మాట్లాడుతుంది, వాడు మాట్లాడడు.

అక్కడికి వచ్చినవాళ్ళను గోడ ప్రశ్నలు అడుగుతుంది. రోజుకు ఎంతసేపు ఇవ్వగలరు. ఎంత చప్పుడు ఓర్చుకుంటారు. అది చనిపోతే ఎన్ని గంటలు పనికి సెలవు పెట్టగలరు. ధృతి అన్నిటికీ పరీక్ష రాసే పిల్లలా జవాబులు చెప్పింది. మూడు చోట్ల పని చేస్తుంది ఆ పిల్ల, మూడూ ఒకే కుర్చీలో కూర్చొని.

గోడ ముందు చేపను చూపించింది. నెలకొక గోళీ వేస్తే చాలు. "అది నన్ను చూడదు కదా" అంది. తాబేలును చూపించింది. నూరేండ్లు బతుకుతుందని వినేసరికి భయపడింది. "నా తర్వాత దాన్ని ఎవరికి అప్పజెప్పాలి?" అంది. డబ్బాలో కీచురాయిని చూపిస్తే చెవులు మూసుకుంది. చివరికి పెంట బుట్ట పట్టుకొని పోతున్న నన్ను ఆపింది.

"అవ్వా, మీరు చెప్పండి. నాలాగా పనెక్కువ ఉన్నవాళ్ళకు ఏది మంచిది?"

"రోజుకు ఎంతసేపు దొరుకుతుంది తల్లీ నీకు?"

"పదకొండు నిమిషాలు."

"పదకొండు నిమిషాల్లో నా తలలో పేలు కూడా చూసుకోలేను. ఏదీ వద్దు. ఒక రాయిని పెంచుకో. మేత అడగదు."

ఫణీంద్ర అటు నుంచి నన్ను చూసిన చూపుకు రాయి కూడా పగిలేది. కానీ ఆ పిల్ల నవ్వింది. నవ్వి, మెల్లగా అంది, "రాయి ఊపిరి తీయదు కదవ్వా. నా గదిలో నేను కాకుండా ఇంకొకటి ఊపిరి తీస్తుంటే వినాలని ఉంది."

పెంట బుట్ట కింద పెట్టాను. చేతిగొర్రెల గూటి వైపు వేలు చూపించింది నేనే. ఫణీంద్ర కాదు, గోడ కాదు. నేనే.

చేతిగొర్రె అంటే తెలియనివాళ్ళు పంచాయితీలో ఉంటే చెప్తాను. రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది, ఇంక పెరగదు. బొచ్చు పెరగదు, కత్తెర అక్కర్లేదు. అరవదు. చెవి వెనక ఒక గడ్డ ఉంటుంది, నొక్కితే నిద్రపోతుంది, మళ్ళీ నొక్కితే లేస్తుంది. నిద్రలో మేత లేదు, పెంట లేదు. రోజుకు ఒక్క గంట మాత్రం లేపి నడిపించాలి, లేకపోతే ఎముకలు బెండైపోతాయి. అది కొనేవాళ్ళకు చిన్న మాటగా చెప్తారు, చివర్లో.

గొర్రె అంటే మంద. మంద లేకుండా ఒక్కటే ఉంటే అది గొర్రె కాదు, మాంసం. మా నాయన ఆ మాట అనేవాడు. నేను ఆ రోజు అది కూడా ఆ పిల్లతో అనాల్సింది.

దుమ్ముకారు, ఏడో రోజు

నిన్న రాలేకపోయాను. దుమ్ము తలుపు బిగుసుకుపోతే మమ్మల్నందరినీ దుమ్ము తోడమని పిలిచారు.

కొన్న వారానికే ధృతి పదకొండు నిమిషాలు ఐదయ్యాయి, తర్వాత సున్నా అయ్యాయి. నాకు కబురు పంపింది. "అవ్వా, రోజూ మధ్యాహ్నం వచ్చి ఒక గంట దాన్ని లేపి, తిప్పి, మళ్ళీ పడుకోబెట్టండి. నేను పక్క గదిలో పనిలోనే ఉంటాను." పోయాను.

ఇప్పుడు నేరం సంగతి. మీ మేడలో పుట్టిన బిడ్డకు పదో రోజున ఒంటి వాసన తీసేస్తారు. ఇరవై వేల మంది ఒకే గాలిని పంచుకోవాలి, తప్పదంటారు. మా కిందివాళ్ళకు, అడిగితే తప్ప, తీయరు. మేం పైకి పోవాలంటే తల నుంచి కాలి దాకా తొడుగు వేసుకోవాలి, వేసుకున్నది విప్పకూడదు. నేను విప్పాను. రాసుకో, పెట్టే. నన్నెవరూ బెదిరించలేదు, మరచిపోయీ కాదు. కావాలనే విప్పాను.

ఎందుకంటే, మొదటి రోజు దాన్ని లేపితే కాళ్ళు వణుకుతూ నిలబడింది. తొడుగు చేత్తో మేత చూపించాను. తొడుగును ముక్కు పెట్టి మూచూసింది. నేలను, గోడను, మంచం కాలును మూచూసింది. నా వైపు తిరిగి నోరు తెరిచింది. అరుపు పెట్టలేదు కదా దానికి, గాలి మాత్రం వచ్చింది. గొర్రెకు ముందు ముక్కు, తర్వాతే కన్ను. ముక్కుకు ఏదీ అందని చోట గొర్రెను నిలబెట్టడమంటే నిన్ను పాడుబడ్డ బావిలో దించి మూత వేసినట్టు. మీ ఇండ్లు అట్లా ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయి, మనిషి ఉన్నట్టు జాడ లేదు.

తొడుగు విప్పి, వేలికి ఉప్పు రాసి నోటి దగ్గర పెట్టాను. పట్టుకుంది. ఆ పట్టు మీకు చెప్పినా తెలియదు. నా చేతిలో ముప్పై ఏండ్లుగా చచ్చి ఉన్నది ఏదో లేచింది. ఇంక రోజూ విప్పాను. దానికి మంద లేదు కాబట్టి గంటసేపు నేను మందనయ్యాను. పక్క గదిలో ఆ పిల్ల ముగ్గురితో ఒకేసారి మాట్లాడుతుండేది. ఇక్కడ నా తొడ మీద ఇది నెమరేసేది.

దొంగతనం అంటున్నారు. సరే. ఎవరూ ఉండని పాకలో నిప్పు రాజేసి చలి కాచుకోవడం దొంగతనమైతే, దొంగనే.

దుమ్ముకారు, ఎనిమిదో రోజు

ఒక రోజు ధృతి పనుల్లో ఒకటి ముందే అయిపోయింది. నేను గుజ్జిని తిప్పుతుంటే గదిలోకి వచ్చి నేల మీద కూర్చుంది. అప్పటికే రెండు నెలలు దాటింది. అది లేచి ఉండగా ఆ పిల్ల దాన్ని చూడటం ఆరోసారో ఏడోసారో.

"గుజ్జీ, రా. నేనెవరు? రా."

గుజ్జి ఆమెను మంచం కాలును చూసినట్టు చూసింది. వచ్చి నా మోకాలి వెనక దూరింది.

"మీరు విప్పేశారేంటి అవ్వా తొడుగు?"

"అది నన్ను కనుక్కోవాలి కదా."

"మరి నన్నెందుకు కనుక్కోదు?"

"నీకు వాసన లేదు తల్లీ. దాని లెక్కలో నువ్వు ఇంట్లో లేవు."

అట్లా అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల మొహం ఉప్పు చల్లిన నత్తలా ముడుచుకుపోయింది. నేను కిందికి వచ్చేశాక, గోడ ప్రతి నెలా అడిగే ప్రశ్న అడిగిందంట, మీ జీవం మిమ్మల్ని గుర్తుపడుతోందా అని. ఆ పిల్ల లేదు అని నొక్కింది. అంతే. కేసు దానంతట అదే నడిచి పంచాయితీ గడప ఎక్కింది. వెనక్కు తీసుకోవడానికి మీట లేదంట.

మరుసటి రోజు నాతో అంది, "నేను ఏదైనా సలహా పంపుతారేమో అనుకున్నానవ్వా." ఏడ్చింది. ఏడుస్తూనే పక్క గది నుంచి ఎవరో పిలిస్తే గొంతు సర్దుకొని పోయింది. తొందరగా సర్దుకోగలదు. అది చూస్తే నాకు కోపం కూడా నిలవలేదు.

దుమ్ముకారు, పదో రోజు

ఇవాళ ఫణీంద్ర నా గుడిసెకు వచ్చాడు. దుమ్ముకు వేసుకున్న తొడుగు లోపల చెమట కారుతోంది, కూర్చోమంటే కూర్చోలేదు.

"అవ్వా, దీని మీద వేలిముద్ర వెయ్యి. విచారణ లేకుండా అయిపోతుంది."

"ఏముంది దాంట్లో?"

"తప్పు నీదని."

"అది నేనే పెట్టెకు చెప్పాను. గొర్రె సంగతి ఏముంది?"

"కొత్తదాన్ని చేసి ఇస్తాం. దానికి నొప్పి తెలియదు."

"నిన్ను తుడిచి కొత్తోణ్ణి చేసి పంపితే నీ పెండ్లానికి నొప్పి తెలియదా?"

"నాకు పెండ్లి కాలేదవ్వా."

"ఏ పిల్లో పుణ్యం చేసుకుంది."

నవ్వాడు. నవ్వితే మనిషిలాగే ఉంటాడు. అప్పుడే విచారణ ఎట్లా జరుగుతుందో కూపీ లాగాను. మాటలు వినేది తక్కువంట. గుజ్జిని గది మధ్యలో నిలబెడతారు. ఒక గోడకు ధృతి, ఇంకో గోడకు నేను, తొడుగు లేకుండా. పిలవకూడదు, చెయ్యి ఊపకూడదు. నూరు లెక్కపెడతారు. ధృతి దగ్గరకు పోతే కేసు కొట్టేస్తారు, గుజ్జి ఎట్లా ఉన్నది అట్లా ఉంటుంది. నా దగ్గరకు వస్తే తుడుపు.

"ఎవరి దగ్గరకూ పోకపోతే?"

"అప్పుడూ తుడుపే. కొన్నవాళ్ళను గుర్తుపట్టని జీవాన్ని మేం అమ్మామని పేరు రాకూడదు కదా."

"నాయనా, నువ్వు కొనుక్కున్న ఆ తొడుగు నిన్ను గుర్తుపడుతుందా?"

"నీ వాసన మేడ మొత్తానికి తెలుసవ్వా, ఆ గొర్రెకు తెలియకుండా ఎట్లుంటుంది" అన్నాడు. వేలిముద్ర లేకుండానే పోయాడు.

ఈ మూడు నాలుగు రోజులు నేను రాను. పని ఉంది.

దుమ్ముకారు, పద్నాలుగో రోజు

విచారణ అయింది. గుజ్జి ధృతి దగ్గరకు పోయింది. కేసు కొట్టేశారు. తుడవరు. నన్ను మాత్రం ఇంక పైకి రావొద్దన్నారు. దానికి నేను ఎప్పుడో సిద్ధపడ్డాను.

నేను అడిగింది నాకు దక్కింది. నీతో నాకు పని లేదు, పెట్టే. దీపం ఆర్పుకో.

దుమ్ముకారు, ఇరవై నాలుగో రోజు

మళ్ళీ వచ్చాను. జవాను నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా మీరు, మేడలో ఏ అంతస్తు?" అన్నాడు. మేడవాళ్ళనుకున్నాడు. సుంకులమ్మనన్నా. ముక్కు ఎగబీల్చి చూసి, "నిజమా" అన్నాడు.

ఆ మూడు రోజులు ఏం చేశానో ఇప్పుడు చెప్తాను. చెప్తే నాకు ఏమవుతుందో తెలిసే చెప్తున్నాను. ధృతికి కూడా తెలుసు. చెప్పమని ఆమే అంది.

మా మందల్లో ఒక పద్ధతి ఉండేది. ఒక గొర్రె ఈని, పిల్ల చనిపోతుంది. ఇంకో చోట పిల్ల ఉండి, తల్లి చనిపోతుంది. పాలున్న గొర్రె పరాయి పిల్లను దగ్గరకు రానియ్యదు, కుమ్మేస్తుంది. అప్పుడు చనిపోయిన పిల్ల తోలు ఒలిచి, ఈ తల్లి లేని పిల్లకు చొక్కాలా తొడుగుతాం. గొర్రె మూచూస్తుంది. తన పిల్లే అనుకొని పాలిస్తుంది. నాలుగు రోజులకు తన పాల వాసన ఆ పిల్ల ఒంటికి పడుతుంది, అప్పుడు తోలు తీసేస్తాం. నా చేతులతో ఎన్నిసార్లు చేశానో. మోసమే. కానీ ఆ మోసంతో రెండు ప్రాణాలు నిలబడేవి.

పదకొండో రోజున ధృతికి కబురు పెట్టాను. ఆ పిల్ల పుట్టి ఇంతవరకు కిందికి దిగలేదు. దగ్గుతూ, కండ్లు తుడుచుకుంటూ నా గుడిసెకు వచ్చింది. నాలుగు రోజులుగా విప్పకుండా కట్టుకున్న కోక కొంగు చింపి చేతిలో పెట్టాను. రెండు వేళ్ళతో పట్టుకొని దూరంగా పెట్టింది.

"ఇంత ఘాటా అవ్వా?"

"అది నేనే. విచారణ రోజున బట్టల కింద, ఒంటికి తగిలేటట్టు చుట్టుకో."

"నన్ను చూసి వచ్చినట్టు ఉండదు కదా."

"తుడిచేస్తే నిన్ను చూసి వస్తుందా? విచారణ అయ్యాక నాలుగు రోజులు దీన్ని చుట్టుకొని దానితో కూర్చో. నీ చెయ్యి, నీ గొంతు దానికి అలవాటవుతాయి. తర్వాత ఈ గుడ్డ అక్కర్లేదు."

"నాలుగు రోజులు కూర్చోవాలా?"

"రోజుకు ఒక గంట తల్లీ. ఒక్క గంట."

"చూస్తానవ్వా" అంది. నేను ఆ మాట విన్నాను. విని కూడా విననట్టు ఊరుకున్నాను.

కానీ గుడ్డ ఒక గోడ దగ్గర, దాని మనిషి ఇంకో గోడ దగ్గర ఉంటే గుజ్జి గుడ్డ దగ్గరకు ఎందుకు పోతుంది. తోలు తొడిగేది తల్లి చచ్చిన పిల్లకే, బతికున్న తల్లి ముందర కాదు. అందుకని పన్నెండో రోజున నేను వాసన తీసే గదికి పోయాను. పసిబిడ్డలను పట్టుకొని వరసలో నిలబడ్డ తల్లులు నన్ను చూసి జరిగారు. లోపలి నర్సమ్మ వయసు అడిగింది.

"ఈ వయసులో ఎందుకు అవ్వా? మళ్ళీ రాదు, తెలుసు కదా."

"తెలుసు."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"నన్నా?" అన్నాను. ఆమె లోపలికి తలుపు తీసింది.

తీసినవాళ్ళ పాత బట్టలు, పక్క బట్టలు అన్నీ కాల్చేయాలని నియమం. గుడిసెలోకి వచ్చి ఒక్కోటి తీసుకుపోయారు. మా అత్త నేసిన కంబళి కూడా పోయింది. ఆ సాయంత్రం కొత్త కోక కట్టుకొని నా మంచం మీద కూర్చుంటే ఎవరింటికో చుట్టం చూపుకు వచ్చినట్టుంది.

విచారణ రోజు. గది మధ్యలో గుజ్జిని లేపి నిలబెట్టారు. ముందు నా వైపే వచ్చింది. నడకనో, ఒంటి తీరునో కన్నుతో పట్టింది కాబోలు. వచ్చి, నా పాదం మూచూసింది. వేళ్ళను మూచూసింది. ఒక్కసారి తల ఎత్తి నా మొహం చూసింది. నేను కండ్లు మూసుకోలేదు. తర్వాత నేను అక్కడ లేనట్టు వెనక్కు తిరిగి, ముక్కు పైకెత్తి గాలిలో వెతుక్కుంటూ పోయి ధృతి పొట్టలో తల దూర్చింది. అరవై కూడా లెక్కపెట్టలేదు. ధృతి దాన్ని ఎత్తుకొని ఏడ్చింది. ఫణీంద్ర అందరికీ చెప్పాడు, చూశారా, మా జీవాలు ఎంత తక్కువ శ్రద్ధతోనైనా ఎంత బాగా కలిసిపోతాయో అని.

నేను గెలిచాను అనుకున్నాను. తొమ్మిది రోజులు అనుకున్నాను.

నిన్న ధృతి మళ్ళీ కిందికి వచ్చింది. ఈసారి దగ్గు కూడా పట్టించుకోలేదు. విచారణ నుంచి ఇంటికి పోగానే పని గంట మోగిందంట. బట్టలు విప్పి గోడలో వేసింది. బట్టలతో పాటు నా గుడ్డ కూడా పోయింది. గోడ ఉతికి, మడిచి, తెల్లగా తిరిగిచ్చింది.

"లేపితే గది అంతా వెతుకుతోందవ్వా. నా దగ్గరకు వస్తుంది, మూచూస్తుంది, పోతుంది. తలుపు కింది సందులో ముక్కు పెట్టి నిలబడుతుంది. గంటసేపు అట్లాగే. మేత ముట్టదు."

"ఎన్ని రోజులైంది?"

"ఆరు. నీళ్ళు కూడా నిన్నటి నుంచి."

"నువ్వు కూర్చున్నావా దాని దగ్గర?"

"మొన్న నలభై నిమిషాలు కూర్చున్నాను." చెప్పడంలోనే గొంతు చిన్నదైంది. "ఆ గుడ్డను మీరు మళ్ళీ నాలుగు రోజులు కట్టుకొని ఇస్తారా అవ్వా?"

నా చెయ్యి చాపాను. మూచూడమన్నాను. ఆ పిల్లకు ముక్కుతో పని లేదు, అయినా వంగి మూచూసింది. అర్థమై, నా చెయ్యి వదలకుండా నేల మీద కూర్చుంది. నేను వాసన తీయించుకున్న సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. విచారణలో గుజ్జి తన మీది ప్రేమతోనే నన్ను దాటి వచ్చిందని కొంచెం నమ్మిందంట. అది కూడా నేను తీసేసినట్టయింది.

తల్లిని వెతికే పిల్ల మేత ముట్టదు. ఎన్నో చూశాను. ఎనిమిదో రోజు దాకా నిలబడుతుంది. తర్వాత పడుకుంటుంది. పడుకున్నాక లేవదు. నా దగ్గరకు తెచ్చినా లాభం లేదు, నేను కూడా దానికి ఇప్పుడు ఎవరో. అది వెతికే వాసన ఈ మేడలో లేదు. బయట లేదు. భూమి మీద ఎక్కడా లేదు. నిద్రలోనే ఉంచేద్దామంటే ఎముకలు నిలవవు.

మీరు తుడిచి ఉంటే మరచిపోయేది. తుడవొద్దని కొట్లాడి, మీరు చేయాల్సిన పని నా ఒంటి మీద చేయించుకొని, దాని తలలో మాత్రం నన్ను ఉంచేశాను. నాకు అది గొప్పగా ఉండింది, ఏం దాచను. ఎవరో ఒకరి తలలో నేను నాలాగే మిగులుతానని. అదే నా తప్పు. తొడుగు విప్పడం కాదు.

కాబట్టి పంచాయితీవాళ్ళకు నా కొత్త అర్జీ ఇది. ఆ రోజు పరీక్ష తప్పుడుది. చేసింది నేను. చేయించింది నేను. ఆ పిల్ల నా మాట విని గుడ్డ చుట్టుకుంది, అంతే. పరీక్ష కొట్టేయండి, గుజ్జిని తుడవండి. నన్ను పూర్తిగా తీసేయండి దాంట్లో నుంచి, ఉప్పు రుచితో సహా.

ఒక్కటి అడుగుతాను. తుడిచి లేపినప్పుడు దానికి ఏ వాసనా గుర్తుండదు కాబట్టి, వాసన లేని మనిషిని కూడా ఒప్పుకుంటుంది. కానీ మనిషి ఉండాలి. ఫణీంద్ర లేపి డబ్బాలో పెట్టి పంపితే మళ్ళీ ఇదే కథ. ధృతి అక్కడ కూర్చోవాలి. చేత్తో మేత పెట్టాలి. ఒక రోజు కాదు, నెల. ఆమె పనిచేసే మూడు చోట్లా సెలవు అడిగింది. రెండు చోట్ల కుదరదన్నారు. మూడో చోట జీవం చనిపోయిందా అని అడిగారంట. లేదంటే, అయితే సెలవు రాదన్నారు. ఆ మూడు చోట్లకు పంచాయితీ చెప్పాలి. గొర్రె తలను తుడిచే అధికారం మీకు ఉన్నప్పుడు, ఒక ఆడపిల్లకు రోజుకు ఒక గంట ఇప్పించే అధికారం లేదని మాత్రం నాతో చెప్పొద్దు.

ఏ రకం అర్జీ అని అడుగుతున్నావా? దానికి నీ దగ్గర పేరు లేకపోతే పేరు లేకుండానే రాయి.

మామూలుగా పది రోజుల తర్వాత పిలుస్తారంట. పది రోజులు కుదరదు. ఇవాళ మధ్యాహ్నం లేపితే నాలుగడుగులు వేసి తలుపు దగ్గర పడుకుందని ధృతి కబురు పంపింది.